దిగువ లోగిలి వంతు

అసుక్రోమ్,
వానలు తెరిపిచ్చిన వారం.

నాయనా క్వాకూ,

నిన్ను కన్న కడుపు చల్లగా ఉండి నిన్ను దీవిస్తోంది. ఇక్కడ మేమందరం తింటూ తిరుగుతూ బాగానే ఉన్నాం. నువ్వూ ఆ ఎండల దేశంలో తింటూ తిరుగుతూ ఉన్నావనే ధైర్యంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలు నయం. నువ్వు పంపిన చెట్టు వెన్న రాత్రిపూట రాసుకుంటున్నాను. వాసన మాత్రం మేకల దొడ్డిలో పడుకున్నట్టుంది. వంటింటి మీది రేకులు ఈ వానలకు నిలబడ్డాయి. నీ చెల్లెలి కూతురికి పళ్ళు వస్తున్నాయి, దొరికిన వేలునల్లా కొరుకుతోంది. సలగాలో సజ్జ సంకటి మింగుడుపడడం లేదని రాశావు. నోరు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి ముద్ద నేర్చుకోవాలి నాయనా. ఫుఫు ఎక్కడికీ పోదు. రోలూ ఇక్కడే ఉంది, రోకలీ ఇక్కడే ఉంది.

నువ్వడిగినవాటిలో పెద్దవి రెండున్నాయి. ఒకటి, సలగా బావుల సంగతి. వెనకటి రోజుల్లో మనుషుల్ని అమ్మే ముందు ఆ నీళ్ళతో కడిగి నూనె పూసేవారని అక్కడివాళ్ళు నీకు చూపించారట. మన అసాంటెల వైపు నుంచి కూడా వెళ్ళి కొనుక్కొచ్చారట, ఆ వచ్చినవాళ్ళంతా ఏమయ్యారని అడిగావు. రెండోది నువ్వు ఉత్తరం చివర ఒకే ఒక్క వాక్యంలో రాశావు. రెండింటికీ జవాబు చెబుతాను. కానీ ముందు ఊళ్ళో జరిగింది చెప్పాలి. అది తెలియకపోతే నా జవాబు నీకు అర్థం కాదు.

మీ మేనమామ కన్నుమూసి తన పల్లెకు వెళ్ళిపోయిన దగ్గర నుంచీ రాజు పీట ఖాళీగా ఉంది. ఉత్తర క్రియలకు నువ్వు వచ్చి వెళ్ళావు. చావుకు కట్టిన ఎర్రబట్టలు విప్పి మడత పెట్టిన కొద్ది రోజులకే పెద్దలు నా గుమ్మంలోకి వచ్చారు. ‘నానా, రాజమాతా, ఊరికి రాజు లేడు. పేరు చెప్పండి’ అని అడిగారు. రాజమాతగా నేను చెప్పాలి, పెద్దలు ఒప్పుకోవాలి, ఊరు మోయాలి. గడువు అడిగి పంపించాను.

పీట పైలోగిలిలో ఒకసారి, దిగువ లోగిలిలో ఒకసారి ఉండాలన్నది ఈ ఊరు కట్టిన నాటి మాట. రెండూ ఒకే తల్లి వంశమే కదా. కానీ మా అమ్మమ్మ కాలం నుంచీ పీట దిగువకు దిగలేదు. దిగకూడదని ఎవరూ తీర్మానం చెయ్యలేదు. వంతు వచ్చినప్పుడల్లా ఎవడో ఒకడు గొంతు తగ్గించి ‘అది కాదులే... వాళ్ళ ముత్తవ్వ ఏ దారిన వచ్చిందో...’ అని సగంలో ఆపేవాడు. ఆ సగం మాట చాలేది. పీట మళ్ళీ మన పైలోగిలి గడపలోకే వచ్చేది. మీ మేనమామ కూడా అలా వచ్చినవాడే. మంచి రాజు, కాదనను. కానీ అలా వచ్చినవాడే.

ఈసారి దిగువ లోగిలిలో అడూసె ఉన్నాడు, మన పొకువా కొడుకు, నీకు అన్న వరస. నీకు తెలియనివాడు కాదు. కోకో తోటలో అరిస్తే చిలకలు పక్క ఊరికి ఎగిరిపోతాయి. కోపం ముందొచ్చి, తెలివి వెనకాల పరిగెత్తుకుంటూ వస్తుంది. కానీ వచ్చి తీరుతుంది. వాగు వంతెన కొట్టుకుపోయినప్పుడు ఊరంతా ప్రభుత్వాన్ని తిడుతూ గట్టు మీద కూర్చుంటే, దుంగలు మోసినవాడు అతడే. తిడుతూనే మోశాడు, అది వేరే సంగతి.

నేను అతని గురించే ఆలోచిస్తున్నానని పొకువాకు ఎలా తెలిసిందో మరి. ఒక ఉదయం నేను వెనక వాకిట్లో అరటికాయలు ఒలుస్తుంటే దొడ్డిదారిన వచ్చింది. చెప్పులు బయటే విడిచి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

‘అక్కా, ఒక్క మాట అడగడానికొచ్చా. నా కొడుకు పేరు నీ నోట రానియ్యకు’ అంది.

నేను కత్తి పక్కన పెట్టాను. ‘ఇదేంటే! కొడుక్కి పీట ఇయ్యమని అడిగేవాళ్ళని చూశాను గానీ, ఇయ్యొద్దని అడిగేదాన్ని నిన్నే చూస్తున్నా.’

‘పీట చేదా? కాదు. కానీ పీట కంటే ముందు నోళ్ళు లేస్తాయక్కా. ఇన్నాళ్ళూ చాటున అన్నారు. చాటుమాట దోమలాంటిది, చేత్తో తోలేసుకున్నాం. సభలో అన్నారంటే అది పాము. నన్ను కాదు, నా మనవల్ని కాటేస్తది.’

‘ఎవరంటారో అననీ. నేను లేనూ?’

‘ఉంటావు. ఎందుకుండవు? నీది పైలోగిలి. నీ గోడలు ఎత్తక్కా. రాయి ఎవరు ఇసిరినా నీ ఇంట్లో పడదు.’

అది లేచి, నేను ఒలిచిన తొక్కలన్నీ కొంగులో పోగుచేసుకుని, మేకలకు వేస్తానని పట్టుకుపోయింది. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే చాప మీద పడుకున్నాం. దాని నవ్వు ఏడిళ్ళకు వినిపించేది. ఎప్పటి నుంచి గోడ వారగా నడవడం మొదలుపెట్టిందో నేను చూసుకోలేదు. ఆ పూట అది వెనక్కి తిరిగి వెళుతుంటే ఆ నడక చూశాను. అప్పుడే నిశ్చయించుకున్నాను. అది వద్దన్న కారణానికే అడూసె పేరు చెప్పాలి.

సభ రోజున ముంగిలి నిండిపోయింది. పెద్దలు వరసగా కూర్చున్నారు. దిగువ లోగిలి ఆడవాళ్ళు చివర గోడ దగ్గర, వాళ్ళలో పొకువా. నా మాట సభకు మోసే ఒచ్యామె, బదు, బంగారు పిడి కర్ర పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. పితరులకు మద్యం ధారపోసి పిలిచాక నేను బదు చెవిలో పేరు చెప్పాను. అతను కళ్ళు ఒకసారి పెద్దవి చేసి, వెంటనే సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

‘పెద్దలారా, రాజమాత అంటున్నారూ, వాగు దాటేవాడికి వంతెన కట్టినవాణ్ణి చూపిస్తున్నాను అంటున్నారు. పొకువా కొడుకు అడూసెని మీ ముందు పెడుతున్నాను అంటున్నారు!’

దిగువ లోగిలి వాళ్ళు చప్పట్లు కొట్టలేదు. ఏం రాబోతోందో వాళ్ళకు తెలుసు.

లేచింది ఎవరనుకున్నావు? మా మేనమామే, మీ అన్త్వి తాత. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని పండగకు తిప్పినవాడు, నీ బడి కోసం కాలినడకన మిషన్ దాకా వెళ్ళినవాడు. బట్ట భుజం మీదికి లాక్కుని, బదు వైపు చూడకుండా నా వైపే చూస్తూ మాట్లాడాడు.

‘నానా, మన పైలోగిలి గొడ్డుపోయిందా? సలగాలో పిల్లలకి చదువు చెప్పే మగాడు లేడా మనకి? మంచి మర్యాద తెలిసినోడు, నలుగురిలో మాట్లాడగలిగినోడు. వాణ్ణి పక్కనపెట్టి ఎవరిని చూపిస్తున్నావు? పీట ఎక్కే కాళ్ళు మన కాళ్ళై ఉండాలి. ఏ సంతలో, ఏ బావి దగ్గర కడిగిన కాళ్ళో...’

అక్కడ ఆపాడు. ‘మిగతాది నేననక్కర్లేదు. అందరికీ తెలుసు’ అని కూర్చున్నాడు.

అడూసె లేవబోయాడు. పొకువా వాడి బట్ట చెరగు గట్టిగా పట్టుకుంది. అది తల దించుకోలేదు క్వాకూ. దెబ్బ పడబోతున్నప్పుడు గాడిద నిలబడినట్టు కదలకుండా చూస్తూ కూర్చుంది. దాని మనవరాలు ‘అమ్మమ్మా, ఏ బావి?’ అని అడగడం నాకు వినబడింది.

నాకు ఎన్నడూ రానంత కోపం వచ్చింది. కానీ రాజమాత కోపం ముంగిట్లో పారబోయడానికి కాదు. బదును వంగమని నెమ్మదిగా చెప్పాను.

‘రాజమాత అంటున్నారూ, పెద్దాయన మాట సగంలో ఆగింది, మిగతా సగం కూడా వినాలనుంది అంటున్నారు.’

అన్త్వి తాత నోరు విప్పలేదు. విప్పితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఒకరి పుట్టుక ఇంకొకరు బయటపెట్టకూడదన్నది మన రాజ్యం కట్టిన నాటి శాసనం. వెనకట అయితే తల పోయేది. సగంలో ఆపడంలో ఉన్న నేర్పంతా అదే.

‘చెప్పరా? సరే. అయితే రాజమాత ఇంకో మాట అంటున్నారు. ఈ ముంగిట్లో ఉన్నవాళ్ళలో ఎవరైనా సరే, నా తల్లి, ఆమె తల్లి, ఆమెను కన్నతల్లి, ఆ వెనకటి తల్లులంతా ఈ మట్టిలోనే పుట్టారు, ఒక్కరు కూడా ఏ దారినా రాలేదు అని ఊరి మహా ప్రమాణం చేసి చెప్పగలవాళ్ళు లేచి నిలబడండి. నిలబడినవాళ్ళు ఏ పేరు చెబితే ఆ పేరుకు నేను తలవంచుతాను, అంటున్నారు.’

పాపం, నేను అంత మాట అంటానని బదు అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

మహా ప్రమాణం అబద్ధంగా చేసినవాడికి వచ్చే పంట యామ్ దుంప తినే దాకా బతికే యోగం ఉండదని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేదు, ఎవరి మోకాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. కోడి ఒకటి పిల్లలతో సభ మధ్య నుంచి నడిచిపోయింది. అన్త్వి తాత కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించాడు. కాస్త లేచాడు కూడా. తర్వాత, ఏం గుర్తొచ్చిందో, మెల్లిగా మళ్ళీ కూలబడ్డాడు.

అప్పుడు బదు నా వైపు వంగి, గుసగుస అనుకుంటూ అందరికీ వినబడేలా అన్నాడు: ‘నానా, కర్ర పట్టుకున్నవాణ్ణి గనక నేను ముందు నుంచీ నిలబడే ఉన్నాను. కాస్త కూర్చోమంటారా?’

‘కూర్చోవయ్యా మగడా, తొందరగా కూర్చో!’ అన్నాను.

కర్రతో సహా చతికిలబడ్డాడు. ముందు ఎవరో ముసలాయన కిసుక్కుమన్నాడు. తర్వాత ముంగిలి ముంగిలంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులో సగం భయం దిగిపోయింది. ఇక ఎవరూ సగం మాటలు మాట్లాడలేకపోయారు. పెద్దలు లోపలికి వెళ్ళి ఆట్టే సేపు కూర్చోకుండానే బయటికొచ్చి ఒప్పుకున్నామన్నారు. అప్పుడు కొట్టారు చప్పట్లు దిగువ లోగిలివాళ్ళు. మద్దెలలు మర్నాడు పొద్దుటి దాకా ఆగలేదు.

అన్త్వి తాతకు గొర్రె జరిమానా వేశాను. మేనమామ అని తగ్గించలేదు. ఎక్కడ వెతికి పట్టుకొచ్చాడో, ఎముకలు లెక్కపెట్టుకునేలా ఉంది. ఆయన పంపిన మనిషి దాన్ని ముంగిట్లోకి లాక్కొస్తుంటే మన ఆడవాళ్ళు ఊరుకుంటారా?

‘ఒసేయ్, ఈ గొర్రె ఏ దారిన వచ్చిందే?’

‘ష్! అడక్కూడదే! గొర్రె పడుద్ది!’

ఆ మాట ఇప్పుడు ఊళ్ళో సామెతైపోయింది. సంతలో చేపలు కొన్నా, కూతురికి సంబంధం చూసినా అదే మాట, అదే నవ్వు. మీ ముత్తవ్వల కాలం నుంచీ మనుషుల్ని గోడ వారగా నడిపించిన మాట, ఆడవాళ్ళ నోట పడి పళ్ళూడిన కుక్కైపోయింది.

పొకువా సాయంత్రం వచ్చింది. ఈసారి ముందు గుమ్మంలో నుంచి. చేతులకూ మెడకూ తెల్లసుద్ద పూసుకుంది, గెలిచినవాళ్ళు పూసుకున్నట్టు. వచ్చి కుర్చీలో కూర్చుంది.

‘వద్దన్నా వినలేదు నువ్వు’ అంది.

‘ఎప్పుడైనా విన్నానా?’

‘ఇన్నేళ్ళు వంగి నడిచానక్కా. ఇప్పుడు నిటారుగా నడవమంటే నడుం ఒప్పుకోవట్లే. నీ చెట్టు వెన్నేదో ఉందంటగా, కాస్త ఇటు తే!’

నువ్వు పంపిన డబ్బాలో సగం దానికే అయిపోయింది. ఇంకొకటి పంపు.

ఇంతవరకూ ఊరి సంగతి. ఇక నీ సంగతి.

‘అమ్మా, నా పేరు నీ నోట వస్తే కాదనను, బడి వదిలి వస్తాను’ అని రాశావు. ఆ ఉత్తరం సభకు చాలా ముందే నాకు అందింది. నేను జవాబు రాయలేదు. తీరిక లేక కాదు, కావాలనే రాయలేదు. రాస్తే నువ్వు బస్సెక్కి వచ్చేస్తావు. వచ్చి నా ఎదురుగా కూర్చుని నోరు విప్పి అడగకపోయినా, నీ మొహం చూశాక నా నోరు నా మాట వినదని భయపడ్డాను. ఈ ఊళ్ళో నేను భయపడే మనిషి ఎవరూ లేరు క్వాకూ. నిన్ను చూసి భయపడ్డాను.

అన్నీ చెప్పేస్తున్నాను, విను. బదు నా వైపు చెవి వంచినప్పుడు నా నాలుక మీద ఉన్న పేరు నీదే. అడూసె పేరు నేను నిశ్చయించుకున్న పేరు, నీది నేను కన్న పేరు. నిన్ను ఎర్రచారల కెంటె బట్టలో, గొడుగు కింద, మద్దెలల నడుమ చూసుకోవాలని నాకు లేదా? నువ్వు పాలు మానక ముందు నుంచే ఉంది. నువ్వు మంచి రాజువు అయ్యేవాడివి. బహుశా అడూసె కంటే మంచి రాజువే. అతను ఈ వారంలోనే ఇద్దరి మీద అరిచాడు.

కానీ నిన్ను పీట మీదికి ఎత్తే చేతులు ఎవరివో చూశావా? అన్త్వి తాత ఆ మాటలు నీ మీది ప్రేమతోనే అన్నాడు. నువ్వు ఎక్కి ఉంటే ఆ సగం మాట మీద కాలు పెట్టి ఎక్కేవాడివి. రోజూ సభలో కూర్చుని న్యాయం చెప్పేటప్పుడు గోడ దగ్గర పొకువా మనవలు కూర్చుని నిన్ను చూసేవాళ్ళు. నువ్వు ఎంత మంచిగా చెప్పినా, వాళ్ళ పాలిట అది దొంగిలించిన వంతు మీద కూర్చుని చెప్పిన న్యాయమే. నీకు ఆ కూర్చోడం నేను ఇవ్వదలుచుకోలేదు. నువ్వు తక్కువై కాదు నాయనా, నా కొడుకువై. నాకు బాధ ఉంది. తప్పు చేశానని మాత్రం లేదు. రేపు మళ్ళీ అడిగినా అదే పేరు చెబుతాను.

ఇప్పుడు బావుల సంగతి. ఆ వచ్చినవాళ్ళు ఏమయ్యారని అడిగావు. ఏమవుతారు? వండారు, దున్నారు, పిల్లల్ని కన్నారు, మన పాటలు నేర్చుకుని మనకు వాళ్ళవి నేర్పారు. మట్టిలో కలిసిన నీళ్ళను వేరుచేసి చూపమంటే ఎవరు చూపుతారు? మా అమ్మ తన స్థానం నాకు అప్పగించిన రోజున ఏ లోగిలిలో ఏ అవ్వ ఏ దారిన వచ్చిందో అంతా నా చెవిలో చెప్పి, బయటికి పొక్కకూడదని నోటికి సుద్ద రాసింది. నా తర్వాత వచ్చేదానికి నేనూ చెబుతాను. నీకు చెప్పను. ఒక్కటి మాత్రం రాస్తాను. ఆ రోజు సభలో ప్రమాణం చెయ్యగలవాళ్ళు లేవమన్నప్పుడు, నేనూ నా పీట మీది నుంచి లేవలేదు. బదు తప్ప అది ఎవరూ గమనించలేదు. నువ్వు ఆ బావుల వైపు వెళ్ళినప్పుడు తాగే ముందు కాసిని నీళ్ళు నేల మీద పొయ్యి. ఎవరికని అడగకు, పొయ్యి.

చివరి మాట. అడూసెను పీట మీద కూర్చోబెట్టే ముహూర్తం వచ్చే పండగ ఆదివారం. సెలవు పెట్టి రా. నీ కోసం కాదు, అన్త్వి తాత కోసం. ఆ రోజు నుంచీ ఆయన తలుపు దగ్గరకు వేసుకుని ఉన్నాడు. నేను వెళితే అటు తిరిగి పడుకుంటున్నాడు. ‘నేను ఎవరి కోసం మాట పడ్డానో వాడైనా వస్తాడా చూద్దాం’ అన్నాడట. ముసలివాడు, ఇలాగే ఉంటే ఆ మంచం మీదే ఎండిపోతాడు. ఆయన నీ మాట తప్ప ఇంకెవరి మాటా వినడు.

అందుకని నువ్వు బస్సు దిగి నేరుగా నా దగ్గరికి రావద్దు. ఆయనింటికి వెళ్ళు. ఏమంటాడో అననివ్వు, తిడితే తిట్టించుకో. తర్వాత స్నానం చేయించి, తెల్లబట్ట కట్టించి, చెయ్యి పట్టుకుని సభకు తీసుకురా. ఊరు ఊరంతా నీ మొహమే చూస్తుంది. చూడనీ. అడూసె ముందుకు వచ్చాక ముందు నువ్వు చెప్పులు విప్పి, భుజం మీది బట్ట నడుం దాకా దించి, తలవంచు. నువ్వు వంచితే ఆయనా వంచుతాడు. ఆయన నడుం ఒప్పుకోకపోతే నీ భుజం ఇవ్వు.

ఇట్లు,
ఆ రోజు నిన్ను చూసి గర్వపడబోయే
నీ అమ్మ
అబెనా దుఫియే